నల్ల రేణువుల జాడ

మలేరియా పరాన్నజీవికి మనిషి నెత్తురులో దొరికే ముఖ్యమైన తిండి హిమోగ్లోబిన్. ఎర్ర రక్తకణంలోకి చొరబడ్డాక, ఆ కణంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో 60 నుంచి 80 శాతం దాకా రెండు రోజుల్లో అరిగించుకుంటుంది. హిమోగ్లోబిన్ అంటే గ్లోబిన్ అనే మాంసకృత్తు, దానిలో ఒదిగి ఉన్న హీమ్ అనే చిన్న అణువు. ఆ హీమ్ నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. నెత్తురుకు ఎరుపు రంగు హీమ్ వల్లే వచ్చింది. గ్లోబిన్‌ను ముక్కలు ముక్కలు చేసి పరాన్నజీవి తన ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు తీసుకుంటుంది. మిగిలిన హీమ్ విడిగా తిరుగుతుంటే దానికే విషం. అందుకని హీమ్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టి స్ఫటికాలుగా మార్చి, తన లోపలే ఒక మూల దాచి పెడుతుంది. ఈ స్ఫటికాల పేరు హీమోజోయిన్. సూక్ష్మదర్శిని కింద ఇవి నల్లటి రేణువుల్లా కనిపిస్తాయి. క్లోరోక్విన్ మాత్ర పని చేసేది కూడా ఇక్కడే. హీమ్ స్ఫటికంగా మారకుండా ఆ మందు అడ్డుపడుతుంది. పరాన్నజీవి తాను తిన్న తిండిలోని విషంతోనే చస్తుంది.

మలేరియా చరిత్రలో ఈ నల్ల రేణువులు చేసిన మేలు ఇంతా అంతా కాదు. 1880 నవంబర్ 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ సైనిక ఆసుపత్రిలో ఫ్రెంచి వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్ ఒక రోగి రక్తంలో పరాన్నజీవిని మొదటిసారి గుర్తు పట్టాడు. రేణువులు పొదిగిన చిన్న గోళాలు, వాటి అంచుల నుంచి కొరడాల్లా కదులుతున్న తోకలు ఆయన కంటపడ్డాయి. ఆ కదిలే తోకలు ఏమిటో అప్పట్లో ఎవరికీ తెలియలేదు. జ్వరం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో కూడా తెలియలేదు. చెడుగాలి వల్ల వస్తుందన్న పాత నమ్మకమే చాలామందికి ఆధారం. మలేరియా అన్న పేరుకు అర్థం కూడా అదే.

ఆ చిక్కు విడిపోయింది తెలుగునేల మీదే. ఆల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో వైద్యుడు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆయనకు లావెరాన్ చూసిన జీవిని చూపించి, దోమల మీద దృష్టి పెట్టమన్నాడు. మాన్సన్ ఆలోచన సగం ఒప్పు, సగం తప్పు. దోమ రోగి నెత్తురు తాగి, నీళ్లలో చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. రాస్ 1895లో సికింద్రాబాద్ చేరి, ముందు ఆ ఊహ వెంటే నడిచాడు. ఫలితం లేకపోయింది. తర్వాత రోగులను కుట్టిన దోమలను కోసి చూడటం మొదలుపెట్టాడు. అవి మనుషుల మలేరియాను మోయని జాతులని ఆయనకు తెలియదు. వందల దోమలు కోసినా ఏమీ కనబడలేదు. బేగంపేటలో ఎండకాలపు ఉక్క. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఊపనిచ్చేవాడు కాడు.

1897 ఆగస్టు నడిమికి ఆయన మనుషులు వేరే రకం దోమ పిల్లలను తెచ్చి పెంచారు. పెద్దయ్యాక వాటి రెక్కల మీద మచ్చలున్నాయి. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్న దోమలవే. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి చేత ఆ దోమలకు నెత్తురు తాగించాడు రాస్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున రోగికి ఇచ్చాడు. హుసేన్ ఖాన్ నెత్తురులో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్నాయి. ఆగస్టు 20న, దోమలు నెత్తురు తాగిన నాలుగో రోజున, మిగిలిన రెండింటిలో ఒకదాన్ని కోసి కడుపు గోడను ఒక్కొక్క కణంగా పరిశీలిస్తూ పోతే, గుండ్రటి కణాలు కొన్ని కనిపించాయి. దోమ కడుపులో అంతకు ముందెప్పుడూ అలాంటివి చూడలేదు. ఆ గుండ్రటి కణాల్లో నల్ల రేణువులున్నాయి. రోగి నెత్తురులో చూసినవే అవి. మరునాడు చివరి దోమను కోసేసరికి ఆ కణాలు ఇంకాస్త పెద్దవై ఉన్నాయి. అంటే అవి దోమలో పెరుగుతున్నాయి.

ఇక్కడ కాసేపు ఆగి చూడదగ్గ సంగతి ఒకటుంది. దోమ కడుపు గోడలో నల్ల రేణువు పుట్టదు. హిమోగ్లోబిన్ తిన్న జీవి లోపలే అది తయారవుతుంది. మనిషి నెత్తురులో తయారైన రేణువు దోమ కడుపు గోడలో కనిపించిందంటే, దాన్ని మోసుకొచ్చిన జీవి కూడా అక్కడికి చేరిందన్నమాట. రాస్ చేతిలో అంతకు మించి సాక్ష్యం లేదు. అయినా అదే సరిపోయింది. 1897 డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ రెండు దోమల సంగతి అచ్చు వేసింది. ఆయనను వేరే ఊళ్లకు బదిలీ చేయడంతో మనుషుల మలేరియా మీద పని ఆగింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను తీసుకుని, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, అక్కడి నుంచి కాటుతో కొత్త పక్షికి అంటుకోవడం దాకా మొత్తం దారి చూపించాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియనెల్లి మనుషుల మలేరియాకు అనాఫిలిస్ దోమే కారణమని నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పని చేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది.

లావెరాన్ చూసిన కదిలే తోకల గుట్టు కూడా ఆ 1897 వేసవిలోనే బయటపడింది. కెనడాకు చెందిన వైద్య విద్యార్థి విలియం మెక్‌కాలమ్, కాకుల నెత్తురులో ఉండే మలేరియా లాంటి జీవిని చూస్తూ, ఆ తోక విడిపోయి మరో గుండ్రటి కణంలోకి దూరడం గమనించాడు. తోక మగబీజం, గుండ్రటిది ఆడబీజం. మనిషి ఒంట్లో పరాన్నజీవి చీలిపోతూ లెక్కకు మిక్కిలిగా పెరుగుతుంది కానీ, ఆడా మగా కలిసేది దోమలోనే. దోమను మలేరియాను మోసే వాహనంగా మాత్రమే చూస్తే అసలు విషయం అందదు. దోమ కడుపే పరాన్నజీవికి పెళ్లిపందిరి, పురిటిగది కూడా.

అక్కడ జరిగే ఘట్టాలను ఇప్పుడు అణువుల స్థాయిలో చెప్పగలుగుతున్నారు. మనిషి నెత్తురులో కొన్ని పరాన్నజీవులు చీలడం మానేసి, ఆడ, మగ రూపాలుగా మారి ఊరకే కాచుకుని ఉంటాయి. వీటిని గామెటోసైట్లు అంటారు. ఫాల్సిపేరం అనే మలేరియా జాతిలో ఇవి ముదరడానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. హుసేన్ ఖాన్ నెత్తురులో నెలవంకల్లా కనిపించినవి ఇవే. దోమ ఆ నెత్తురు పీల్చగానే రెండు మార్పులు జరుగుతాయి. మనిషి ఒంటి వేడి నుంచి దోమ ఒంటి చల్లదనంలోకి, అంటే కనీసం ఐదు డిగ్రీలు తక్కువలోకి పడతాయి. దోమ ఒంట్లో ఉండే గ్జాంథురెనిక్ ఆమ్లం తగులుతుంది. ఈ ఆమ్లమే సంకేతమని 1998లో తేలింది. ఈ రెండూ కలిస్తే పరాన్నజీవికి తాను దోమలో ఉన్నానని అర్థమవుతుంది. ఆ మాట లోపలికి చేరవేసేది కాల్షియం. మగ గామెటోసైట్ పది పదిహేను నిమిషాల్లో తన డీఎన్‌ఏను మూడుసార్లు నకలు తీసి ఎనిమిది తోకల బీజాలను విసురుతుంది. జీవలోకంలో ఇంత వేగంగా జరిగే పని అరుదు.

ఆ తర్వాతే గడ్డుకాలం. బీజాలు కలిశాక ఏర్పడిన కణం ఒక రోజు లోపల పురుగులా సాగి, కదలడం నేర్చి, దోమ కడుపు గోడను తొలుచుకుని అవతలి వైపు చేరాలి. ఈ దశ పేరు ఊకైనీట్. దోమ జీర్ణరసాలు, కడుపులోని బ్యాక్టీరియా, దోమ రోగనిరోధక శక్తి అన్నీ దాని మీద పడతాయి. రోగి ఒంట్లో వందల కోట్లలో ఉన్న పరాన్నజీవుల సంతతి, ఊళ్లలో దొరికే దోమల కడుపు గోడ మీద చాలాసార్లు ఐదుకు లోపే ఊసిస్టులుగా మిగులుతుంది. రాస్ చూసిన గుండ్రటి కణాలు ఆ ఊసిస్టులే. నిలిచిన ప్రతి ఊసిస్టూ పెరిగి పగిలి వేల కొత్త పరాన్నజీవులను, అంటే స్పోరోజోయిట్లను, వదులుతుంది. అవి ఈదుకుంటూ లాలాజల గ్రంథులు చేరతాయి. దోమ మళ్లీ కుట్టినప్పుడు పదుల సంఖ్యలో మనిషి చర్మంలోకి దిగి కాలేయానికి వెళతాయి. మొత్తం జీవితంలో పరాన్నజీవి ఇంత కొద్దిమందిగా మిగిలే చోట్లలో దోమ కడుపు ముఖ్యమైనది. వందల కోట్లను ఒంట్లో వెతికి చంపడం కన్నా, నాలుగైదు ఉన్న చోట అడ్డం నిలవడం తేలిక. శాస్త్రవేత్తలు ఆ ఇరుకు దారి మీద అంత పట్టుదలగా పని చేయడానికి కారణం ఇదే.

ఈ పనిలో దక్షిణ భారతంలోని రెండు నగరాల శాస్త్రవేత్తల పరిశోధనలు ఆ పాత నల్ల రేణువు దగ్గరికే తిరిగి వచ్చాయి. హిమోగ్లోబిన్‌ను పరాన్నజీవి ఏ కత్తెరతో కత్తిరిస్తుందన్నది మొదటి ప్రశ్న. 2004లో కాలిఫోర్నియాలో ఫిలిప్ రోజెంతాల్‌తో కలిసి పని చేసిన పూరన్ సింగ్ సిజ్వాలి, ఫాల్సిపెయిన్-2 అనే ఎంజైమ్ జన్యువును పరాన్నజీవి నుంచి తీసేసి చూశారు. జీవి లోపలి ఆహారపు సంచి అరగని హిమోగ్లోబిన్‌తో ఉబ్బిపోయింది. కత్తెర ఏదో అలా రుజువైంది. ఆయన ఆ తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు వచ్చి మలేరియా పరాన్నజీవి మాంసకృత్తుల మీద ప్రయోగశాల నడిపారు. రాస్ దోమలను కోసిన బేగంపేట, సీసీఎంబీ ఉన్న హబ్సిగూడ ఒకే ఊరి రెండు మూలలు.

రెండో ప్రశ్న ఇంకా చిక్కైనది. దాన్ని పట్టుకున్నది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ. అక్కడ గోవిందరాజన్ పద్మనాభన్, 1994 నుంచి 1998 దాకా ఆ సంస్థ డైరెక్టరుగా ఉన్నవారు, దశాబ్దాల పాటు హీమ్ తయారీని పరిశోధించారు. 1992లో ఆయన, నమితా సురోలియా కలిసి ఒక వింత సంగతి ప్రచురించారు. మలేరియా పరాన్నజీవి హీమ్‌ను సొంతంగా తయారు చేసుకుంటోంది. ఇంటి నిండా ధాన్యం ఉన్నవాడు పొరుగూరి కొట్టుకు బియ్యం కొనడానికి పోయినట్టుంది ఈ వ్యవహారం. హిమోగ్లోబిన్ తిని హీమ్ ఎక్కువై, దాన్ని నల్ల రేణువులుగా గుట్ట పోసుకునే జీవికి మళ్లీ తయారీ ఎందుకు? అది అనవసరంగా చేయదు కాబట్టి, ఆ తయారీని ఆపే మందు దొరికితే పరాన్నజీవి చస్తుందని అప్పట్లో అనుకున్నారు. 2000 నాటికి అదే ప్రయోగశాల, పరాన్నజీవి ఈ తయారీకి మనిషి ఎర్ర రక్తకణంలోని ఒక ఎంజైమ్‌ను కూడా లోపలికి తెచ్చుకుని వాడుకుంటుందని చూపింది.

హీమ్ తయారీ ఎనిమిది మెట్లలో సాగుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్. మొదటి మెట్టులో అమైనోలెవ్యులినిక్ ఆమ్లం తయారవుతుంది; చివరి మెట్టులో ఇనుము వచ్చి నడుమ కూర్చుంటుంది. ఈ మెట్లు పరాన్నజీవి కణంలో ఒకే చోట లేవు. కొన్ని మైటోకాండ్రియాలో, కొన్ని ఎపికోప్లాస్ట్ అనే భాగంలో, కొన్ని కణద్రవంలో ఉన్నాయి. ఎపికోప్లాస్ట్ పుట్టుక ఆశ్చర్యమే. ఎన్నో కోట్ల ఏళ్ల కింద ఈ జీవుల పూర్వీకులు మింగిన నాచు జాతి కణపు శేషమది. పచ్చదనం పోయినా పని పోలేదు.

హీమ్ ఉండగా మళ్లీ తయారీ ఎందుకన్న ప్రశ్నకు విశ్వనాథన్ అరుణ్ నాగరాజ్, పద్మనాభన్ బృందం జన్యువుల్ని తీసేసి జవాబు వెతికింది. 1948లో కాంగోలో అడవి ఎలుకల్లో దొరికిన ప్లాస్మోడియం బెర్గై జాతి ఇందుకు పనికొచ్చింది. అది మనిషికి రాదు, ఎలుకకే వస్తుంది. అందులో మొదటి మెట్టు ఎంజైమ్ జన్యువును, వేరొకదానిలో చివరి మెట్టు ఎంజైమ్ జన్యువును తొలగించారు. ఎలుక నెత్తురులో ఈ జీవులు మామూలుగానే పెరిగాయి. ఎర్ర రక్తకణంలో హీమ్ కొరత లేదు కాబట్టి, ఉన్నదాన్నే వాడుకున్నాయి. ఇరవై ఏళ్ల ముందు ఆ ప్రయోగశాలే ప్రతిపాదించిన మందు లక్ష్యం నెత్తురు దశలో తప్పనిసరి కాదని ఆ ప్రయోగశాలే చూపిందన్నమాట. అదే బృందం చేతుల మీదుగా ఇలా తేలడం శాస్త్రానికి ఆరోగ్యం.

తర్వాత దోమల వంతు. ఆ జీవులున్న ఎలుకలను అనాఫిలిస్ దోమలు కుట్టాయి. దోమ కడుపులో మామూలుగా జరగవలసిన ఎదుగుదల దెబ్బతింది. లాలాజల గ్రంథుల్లో స్పోరోజోయిట్లు లేవు. కారణం తేటగా ఉంది. ఊసిస్టు ఉండేది ఎర్ర రక్తకణంలో కాదు, దోమ కడుపు గోడ అవతలి వైపున. అక్కడ తినడానికి హిమోగ్లోబిన్ లేదు. మైటోకాండ్రియాలో శ్వాసక్రియ నడిపే సైటోక్రోమ్ అనే మాంసకృత్తులకు హీమ్ కావాలి. దోమ దశలో పరాన్నజీవి ఈ శ్వాస మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. హీమ్ తయారీ ఆగిపోతే ఊపిరి ఆగిపోయినట్టే. మొదటి ఎంజైమ్ లేని జీవులకు అది తయారు చేయాల్సిన అమైనోలెవ్యులినిక్ ఆమ్లాన్ని బయట నుంచి అందిస్తే దోమలో ఎదుగుదల మళ్లీ మొదలైంది. అలా వచ్చిన స్పోరోజోయిట్లు ఎలుక కాలేయంలో కూడా ఆ ఆమ్లం అందితేనే బతికాయి. కాలేయ కణంలో కూడా హిమోగ్లోబిన్ లేదు. ఈ ఫలితాలు 2013లో పీఎల్‌ఓఎస్ పాథోజెన్స్ పత్రికలో వచ్చాయి. మరుసటి ఏడాది అమెరికా ప్రయోగశాలలు మనుషుల ఫాల్సిపేరంలోనూ ఇదే నిజమని చూపాయి. 1992 నాటి ప్రశ్నకు జవాబు నెత్తురులో దొరకలేదు, దోమలో దొరికింది. రాస్ వెతుకులాట లాగే ఇది కూడా దోమ కడుపు గోడ దగ్గర తేలింది.

తర్వాత నాగరాజ్ బృందం ఎలుకల్లో ఇంకో మలుపు చూసింది. మెదడుకు సోకే మలేరియా తీవ్రతలో పరాన్నజీవి తయారు చేసుకునే హీమ్‌కు వంతు ఉందని, తామర వంటి బూజు రోగాలకు వాడే గ్రిసియోఫుల్విన్ ఎలుకలను కాపాడిందని 2022లో ప్రచురించింది. మనుషుల మలేరియాకు దీన్ని చికిత్సగా వాడడం లేదు.

దోమ దశలో పరాన్నజీవి శ్వాసను ఆపితే ఏమవుతుందో 2019లో హార్వర్డ్‌లో ఫ్లామినియా కాటెరుచియా బృందం మరో దారిలో చూపింది. అటోవక్వోన్ అనే మందు సైటోక్రోమ్‌ను అడ్డుకుంటుంది. ఆ మందు పూసిన గాజు మీద దోమ ఆరు నిమిషాలు కూర్చున్నా చాలు, కాళ్ల నుంచి మందు లోపలికి పోయి, ఆ దోమలో పరాన్నజీవి ఎదగలేదు. దోమ మాత్రం చావలేదు. దోమతెరలకు పూసే పైరెత్రాయిడ్ మందులకు దోమలు అలవాటు పడిన చోట్ల ఇది పనికొచ్చే ఆలోచన.

దోమ వదిలిన స్పోరోజోయిట్‌ను మనిషి ఒంటి రక్షణ గుర్తు పట్టేలా చేయడం మరో వైపు నుంచి వచ్చే పని. స్పోరోజోయిట్ ఒంటినిండా సర్కమ్‌స్పోరోజోయిట్ అనే మాంసకృత్తు కప్పి ఉంటుంది. రేడియేషన్‌తో బలహీనపరచిన స్పోరోజోయిట్లు ఇచ్చే రక్షణలో ఈ కవచపు మాంసకృత్తుదే ప్రధాన పాత్ర అని 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనకు మొదటి రచయిత కోట అరుణ్ కుమార్. న్యూయార్క్‌లో మలేరియా పరిశోధకులైన నుసెన్‌జ్వైగ్ దంపతుల దగ్గర ఆ పని చేసిన ఆయన, తర్వాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరాన్నజీవి దోమ దశ, కాలేయ దశల జన్యువుల మీద పని సాగించారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్‌టీఎస్ఎస్ టీకా, 2023లో సిఫారసు చేసిన ఆర్21 టీకా ఈ మాంసకృత్తు ముక్కతోనే తయారయ్యాయి. ఆర్21 పుణెలో తయారవుతుంది. 2023లో మలేరియా ప్రపంచంలో దాదాపు 26 కోట్ల 30 లక్షల మందికి సోకి, 5 లక్షల 97 వేల మందిని బలిగొన్నది; వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్ల లోపు పిల్లలు.

బెంగళూరు హీమ్ ప్రయోగాల్లో వాడిన దోమ ఏదో కొత్తది కాదు. అనాఫిలిస్ స్టెఫెన్సీ అనే ఈ జాతి మన పట్టణాల దోమే. బావుల్లో, ఇంటి సంపుల్లో, మిద్దె మీది ట్యాంకుల్లో, మూత లేని సిమెంటు తొట్లలో, నిలవ ఉన్న శుభ్రమైన నీళ్లలో గుడ్లు పెడుతుంది. వాన తక్కువై నీళ్లు దాచుకునే చోట దానికి కొదవ ఉండదు. మడకశిర, పెనుకొండ, హిందూపురం వైపు పల్లెల్లో వాగుల, చెరువుల అంచుల నీళ్లలో పుట్టే క్యులిసిఫేసిస్ జాతి ముఖ్యమైనది. మన్యం కొండల్లో ఫ్లూవియాటిలిస్ కూడా తోడవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా ఇప్పుడు ఎక్కువగా ఉన్నది ఆ కొండ ప్రాంతాల్లోనే. స్టెఫెన్సీ మాత్రం 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో కనిపించి, తర్వాత ఇథియోపియా పట్టణాలకు పాకింది.

దోమలో ఫాల్సిపేరం ఎదగడానికి పట్టే కాలం వాతావరణాన్ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర సుమారు 12 రోజులు, 20 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు. దోమ అన్నాళ్లు బతకాలి. చాలా దోమలు బతకవు. గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టి ఎండబెట్టమంటారు. శుక్రవారం డ్రై డే వెనుక ఉన్న లెక్క అది.

జ్వరం తగ్గినంత మాత్రాన రోగి నెత్తురు దోమకు పనికిరాకుండా పోదు. ఫాల్సిపేరం జ్వరానికి ఆర్టిమిసినిన్ కలిసిన మందులు వేసుకుంటే రెండు మూడు రోజుల్లో వణుకు పోతుంది. ముదిరిన గామెటోసైట్లు మాత్రం నెత్తురులో ఇంకా కొన్నాళ్లు ఉంటాయి. వాటిని తీసేయడానికి ఒక మోతాదు ప్రైమాక్విన్ ఇస్తారు. వైవాక్స్ అనే మరో జాతి తెచ్చే జ్వరానికి అదే మందు 14 రోజులు ఇస్తారు, కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవుల కోసం. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు దీన్ని ఇవ్వరు. ఫాల్సిపేరం రోగికి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఆ ఒక్క మోతాదు జ్వరం కోసం ఇచ్చేది కాదు. రోగిని కుట్టబోయే దోమ కడుపులో మరో ఊసిస్టు పుట్టకుండా ఇచ్చేది.